గంజి పెట్టిన నా ఉంగరాల జుట్టు

మా చిన్నప్పుడు నా నెత్తి మీద ఎవరైనా చెయ్యి వేస్తే చాలు... మా అవ్వ, అంటే మా అమ్మ, వాళ్ల మొహం చూసేది కాదు, ఆ చేతినే చూసేది. చుట్టాలైనా సరే, ముద్దుకొద్దీ నిమిరినా సరే... "దాని నెత్తి ముట్టకుండ్రి" అని మొహం మీదే అనేసేది. చాలామందికి కోపం వచ్చేది. వాళ్ల కోపంతో అవ్వకు పని లేదు.

నాది ఉంగరాల జుట్టు. ఉంగరాలంటే వినడానికి బాగానే ఉంటుంది గానీ... ఏకిన దూదిలా లేచి నిలబడేది. బడిలో పిల్లలు పిచ్చుకగూడు అనేవాళ్లు. కుంకుడుకాయ నురగ కళ్లలో పడి నేను ఏడుస్తుంటే, అవ్వ ఆముదం గిన్నె పక్కన పెట్టుకుని, తడి మీదే, కొసల నుంచి మొదలుపెట్టి మెల్లగా పైకి దువ్వేది. ఆ ఓపిక ఆమెకు తప్ప ఎవరికీ లేదు.

తెలంగాణ ఆంధ్రతో కలిసిన కొత్తలు... మా సాలెవాడకు ఇంకా కరెంటు రాలేదు. మా నాన్న, బాపు, మగ్గం నేసేవాడు. ఒకసారి అమ్మమ్మకు జ్వరమని అవ్వ పెద్దపల్లి వెళ్లింది. నా నెత్తి బాపు చేతిలో పడింది పాపం. దువ్వెన దిగదు, నేను ఊరుకోను...

బాపుకు తెలిసిన విద్య ఒక్కటే. వాకిట్లో పడుగు, అంటే మగ్గానికెక్కించే నిలువు దారాలు, సాగదీసి, గంజి పట్టించి, కుంచెతో దువ్వితే దారాల మీద లేచిన నూగంతా అణిగిపోయేది. అదే గంజి నా నెత్తికీ పట్టించాడు. "జర ఓపిక వట్టు బిడ్డా, పట్టుపోగు లెక్క అయితది" అన్నాడు. నిజంగానే నున్నగా అయింది. అద్దంలో చూసుకుని ఎంత మురిసిపోయానో! మర్నాడు బాపు బట్టల మూట ఎత్తుకుని హుస్నాబాద్ అంగడికి వెళ్లిపోయాడు.

ముసురు రోజులు... గంజి ఎండలేదు, పులిసింది. దాని మీదే పడుకున్నాను, దానితోనే ఆడుకున్నాను. మెడ వెనక జుట్టంతా ముద్దకట్టి తాడులా బిగుసుకుంది. బాపును కన్న తల్లి, మా బాపమ్మ, అది చూసి అక్కడే కూలబడింది.

"అయ్యో దేవుడా... పిల్లకు జడలు కట్టినయి!"

మా దిక్కు అది చిన్న మాట కాదు. జుట్టు దానంతట అదే జడలు కడితే, దేవుడు ఆ పిల్లను అడుగుతున్నట్టు లెక్క. విప్పకూడదు, కోయకూడదు. దేవుడికిచ్చి లగ్గం చేసి శివసత్తిని చేసేవాళ్లు. ఇక ఆ పిల్లకు బడి లేదు, పెళ్లి లేదు, తన ఇల్లంటూ ఉండదు.

"బాపు గంజి పెట్టిండు బాపమ్మా!" అని మొత్తుకున్నాను.

బాపమ్మ నన్ను అనుమానంగా చూసింది. "గంజి పెడితే జడలు కడతయా? మీ బాపు పుట్టినకాన్నుంచి గంజి పెట్టుడే పని. ఒక్క పడుగన్న జడ కట్టిందా?"



సాయంత్రానికి మల్లవ్వ వచ్చింది. వాడ చివర ఉండే శివసత్తి. మొహం నిండా పసుపు, నడుము దాకా వేలాడే జడలు. గడపలో కూర్చుని నా మెడ వెనకే చూస్తూ ఉంది. నన్ను తీసుకుపోవడానికే వచ్చిందనుకున్నాను. సోమవారం నన్ను గుడికి తీసుకుపోవాలని బాపమ్మ పసుపు నూరిపెట్టింది.

నా అదృష్టం, మర్నాడు పొద్దున్నే అవ్వ బస్సు దిగింది. మల్లవ్వ అప్పటికే వచ్చి గడపలో కూర్చుని ఉంది. అవ్వ మల్లవ్వను చూసింది, నూరిన పసుపును చూసింది, అత్తను చూసింది. నన్ను దగ్గరికి లాక్కుని నెత్తి వాసన చూసింది.

"పులిసిన గంజి గిది. పడుగునైతే ఎండేదాక దువ్వుతరు గదా అత్తా. నీ కొడుకు దీన్ని తడి మీదనే ఇడిసిపెట్టిండు."

"ఇప్పకే పిల్లా... ఇంటికి కీడొస్తె ఎవలు మీదేసుకుంటరు?"

"నేనేసుకుంట."

వేడినీళ్లు, ఆముదం... అంతే. దువ్వెన ముట్టలేదు. చిక్కుపడ్డ నూలును విప్పినట్టు, కొసల నుంచి పోగు పోగూ వేళ్లతోనే విప్పుతూ కూర్చుంది. బాపమ్మ మూలన కూర్చుని దండాలు పెడుతూనే ఉంది. మల్లవ్వ మాత్రం కదల్లేదు. అవ్వ మధ్యమధ్య ఆమె వైపు తలెత్తి, "ఏం జూస్తున్నవు? నా బిడ్డను ఇయ్య" అని కసిరింది. అయినా ఆమె కదల్లేదు.

పొద్దు వాలేసరికి ఆఖరి ముడి వీడింది. నా ఉంగరాలు మళ్లీ ఎప్పటిలాగే లేచి నిలబడ్డాయి. అప్పుడు మల్లవ్వ తన జడ ఒకటి చేత్తో పట్టుకుని, మెల్లగా అంది...

"నాయి సుత గిట్లనే రింగుల ఎంటికలుండె వదినె. అప్పటికే మా అవ్వ సచ్చిపోయె... ఇప్పేటోళ్లు లేకపాయిరి."

అవ్వ చేతులు నా నెత్తి మీదే ఆగిపోయాయి. లేచి, ఆమెను లోపలికి పిలిచి అన్నం పెట్టింది. తలుచుకుంటే ఇప్పటికీ నాకు ఏడుపొస్తుంది.

ఆ తర్వాత బాపు నా నెత్తి జోలికి రాలేదు. బాపమ్మను కూడా అవ్వ రానివ్వలేదు...

ఇప్పుడు మా మనవరాలిదీ ఇదే జుట్టు. దాని బాత్రూం నిండా సీసాలే... చిక్కు కొసల నుంచి విప్పాలని నాకే పాఠం చెబుతుంది. దారిన పోయేవాళ్లు "ఎంత బాగున్నాయో" అని ముట్టుకుంటే మురిసిపోతుంది. నేను మాత్రం ఆ చేతినే చూస్తుంటాను. కాలం మారిందంటారు, మారే ఉంటుంది... నా అనుమానం మారలేదు.

చిన్నప్పుడు మీ నెత్తి ఎవరు దువ్వేవాళ్లు? గుర్తుంటే రాయండి... నా నెత్తినైతే అవ్వ ఇంకెవరినీ ముట్టనివ్వలేదు, ఒక్క మల్లవ్వను తప్ప.