డబ్బా దాటని బూట్లు

కొండెక్కడానికి పన్నెండు రోజులుందనగా మా రూమ్మేట్ చేసిన మొదటి పని, ఆ కొండ గురించి నోట్సు రాయడం.

మూడు రంగుల్లో రాశాడు. దారి నీలం, ప్రమాదాలు ఎరుపు, ముఖ్యమైనవి ఆకుపచ్చ. ముఖ్యం కానిదేదీ అతనికి కనబడలేదు కాబట్టి మూడో పేజీ నుంచి అంతా ఆకుపచ్చే. ఢిల్లీలో సివిల్స్‌కి చదివేవాళ్ల పేట ఓల్డ్ రాజిందర్ నగర్‌లో దీన్నెవరూ జబ్బనుకోరు. ఇక్కడ జ్వరమొచ్చినవాడు కూడా ముందు దాని సిలబస్ ఎంతుందో చూసుకుంటాడు.

మాది నాలుగో అంతస్తులో ఒక గది. అతనిది కరీంనగర్ వైపు, నాది రాజమండ్రి వైపు. నాకంటే రెండేళ్లు పెద్ద, అందుకని అన్నా అనేవాణ్ణి. అతను నాలుగోసారి కూడా ప్రిలిమ్స్ గట్టెక్కలేదు. అక్టోబర్ ఆఖరికి గది వదిలేసి, వాళ్ల ఊళ్లో కాలేజీలో పాఠాలు చెప్పడానికి వెళ్లిపోతున్నాడు. పోయేముందు ఆఖరి కోరిక ఒకటుంది. ఆఖరిదంటే చచ్చిపోతున్నాడని కాదు, కరీంనగర్ పోతున్నాడు. ఒక రాత్రి బస్సెక్కితే వచ్చే హిమాలయాలని నాలుగేళ్లలో ఒక్కసారీ చూడలేదు. ఎప్పుడడిగినా "రిజల్ట్ వచ్చినంక పోదాం" అనేవాడు. రిజల్ట్ వచ్చేసింది కదా, ఒకరోజు ట్రెక్‌కి ఇద్దరి పేర్లూ నేనే ఇచ్చేశాను.

తీసుకెళ్లేవాళ్లది ఒకటే షరతు. తెల్లవారగానే బయల్దేరాలి, మధ్యాహ్నం పన్నెండుకల్లా పైకి చేరనివాణ్ణి ఎక్కడున్నా అక్కణ్ణుంచే వెనక్కి తిప్పేస్తారు.

"గీడ గూడ కటాఫేనా?" అన్నాడు.

నేను పడీపడీ నవ్వాను. ఆ తర్వాత ఎనిమిది రోజులు నవ్వే పని పడలేదు.

ఢిల్లీలో కొండ ప్రాక్టీసు ఎక్కడ చేస్తాం? ఊరంతా చపాతీలా ఉంటుంది. మాకు దొరికిన ఎత్తల్లా మా బిల్డింగు మెట్లే. పొద్దున్నే ఐదింటికి లేచి, బ్యాగులో అతని పుస్తకాలు నింపుకుని, పదేసిసార్లు ఎక్కి దిగాలని ఒప్పందం. మొదటిరోజు లేపితే, "జర ఆగు తమ్మీ, రేపటి సంది పక్కా" అన్నాడు. రెండోరోజు, "ముందుగాల థియరీ అయిపోనీ." మూడోరోజు దుప్పటి లోపల్నుంచే నాకు పరీక్ష పెట్టాడు.

"ఎత్తుకు పోతే ఊపిరెందుకు ఆడదో చెప్పు. పది మార్కులు."

"లేచి ఎక్కు, తెలుస్తుంది."

"గట్ల రాస్తే రెండు మార్కులు కూడా రావు."

ఒక్కణ్ణే ఎక్కేవాణ్ణి, అతని చరిత్రనీ భూగోళాన్నీ వీపు మీద మోసుకుంటూ. రెండో అంతస్తులో ఓనర్ ఆంటీ తలుపు తీసి నిలబడేది. "బేటా, పాగల్ హో గయా క్యా?" నాకు పిచ్చెక్కిందేమోనని ఆవిడ అనుమానం.

"ట్రెక్‌కి ఆంటీ. ఆ పైన పడుకున్నాయన కోసం."

ఎనిమిదో రోజు సాయంత్రం చీపురుతో ఊడుస్తుంటే మంచం కింద డబ్బా తగిలింది. ఇద్దరం కలిసి కరోల్ బాగ్‌లో కొన్న ట్రెక్కింగ్ బూట్లు. నావి అప్పటికే రెండు బొబ్బలు లేపి, అలిగి, చివరికి పాదం మాట వినడం మొదలుపెట్టాయి. అతనివి తీసి చూస్తే లోపల కాగితపు ఉండలు కూడా ఉన్నవి ఉన్నట్టే ఉన్నాయి. మడమ దగ్గర ఒక్కొక్కదానికీ పసుపు బొట్టు.

"ఇదేంటన్నా?"

"కొత్తయి గదా. ఆ దినమే తొడుగుత. పరీక్ష పెన్ను లెక్క."

పరీక్ష పెన్ను సంగతి నాకు తెలుసు. ప్రతి ప్రిలిమ్స్‌కీ కొత్త నల్ల పెన్ను కొని, పసుపు రాసి, దాని మూత హాల్లో కూర్చున్నాకే తీసేవాడు. మా గల్లీలో సగంమంది అంతే. పెన్నుకైతే సరే. కొత్త బూట్లతో కొండెక్కితే గంటలో మడమ తోలు లేచిపోతుంది. పన్నెండుకి శిఖరం సంగతలా ఉంచండి, దారిలో మొదటి టీ కొట్టు కూడా చేరడు.

ఒళ్లు మండిపోయింది. ఎనిమిది తెల్లవారుజాముల మంట ఒక్కసారే బయటికొచ్చింది.

"నాలుగుసార్లు కొత్త పెన్ను పట్టుకెళ్లావు కదన్నా. ఏం ఊడిపడింది?"

చేతిలో ఉన్న ఆకుపచ్చ పెన్నుకి మూత పెట్టాడు. పెట్టడానికి చాలాసేపు పట్టింది.

గదిలో ఎవరి ఏడుపుకైనా గాలి తీసేది నేనే. ఇదీ జోకే అని సర్దేయొచ్చు. సర్దలేదు. సారీ చెప్పేంత మంచితనం కూడా ఆ పూట నాలో లేదు.

"ఎనిమిది దినాల సంది నా పుస్తకాలు మోస్తున్నవ్," అన్నాడు తలెత్తకుండా. "నీయి ఒక్కటన్నా తెరిచినవా?"

తెరవలేదు. వచ్చే ప్రిలిమ్స్ నాది. మెట్లెక్కుతున్నంతసేపూ చదవక్కర్లేదన్న సుఖం అతను కనిపెట్టేశాడు. నిజం చెప్పినందుకు ఇంకా ఎక్కువ మండింది. మెస్‌కి విడివిడిగా వెళ్లి తిని, చెరో గోడవైపు తిరిగి పడుకున్నాం.

పొద్దున ఐదుకి అలారం మోగితే పక్క మంచం ఖాళీ. నేల మీద డబ్బా తెరిచి ఉంది, కాగితపు ఉండలు గదంతా దొర్లుతున్నాయి. కింద నుంచి ధబ్ ధబ్ మని అడుగులు, వాటి వెనకే ఆంటీ గొంతు: "హే భగవాన్, దూసరా భీ పాగల్!"

మెట్ల దగ్గరికి పరిగెత్తాను. గోడ పట్టుకుని, కుంటుతూ వస్తున్నాడు.

"ఎన్నిసార్లయింది?"

"ఆరు."

"మడమ?"

"తోలు పోయింది."

"ఇంకా మూడు రోజులే ఉంది. మానదు."

"మానకుంటే పట్టీ కట్టుకొని ఎక్కుత. నీకేం నొప్పి?"

"నన్నెందుకు లేపలేదు?" అని అరిచాను. ఎనిమిది రోజులు లేపిలేపి గొంతు పోగొట్టుకున్నవాణ్ణి, ఆ మాత్రం హక్కుంది.

వీపు తిప్పి బ్యాగు చూపించాడు. జిప్పు సగం తెరిచి ఉంది. లోపలున్నవి నా పుస్తకాలు.

"నాయి నువ్వు మోసినవ్. నీయి నేను మోస్తున్న. చదివెటోడే లేడు," అన్నాడు. "పక్కకు జరుగు. ఇంకా నాలుగున్నయి."

జరిగాను. పైమెట్టు తాకి అతను మళ్లీ దిగుతుంటే బూట్ల మడమలు చూశాను. పసుపు చెరిగిపోయి, దాని మీద మెట్ల గోడ సున్నం అంటుకుంది. మా ఇద్దర్నీ తిట్టుకుంటూ పట్టీ వెతకడానికి గదిలోకి వెళ్లాను.