దూకమన్నది ఆటేనట

తాండూరుల ఒక ప్రైవేటు జూనియర్ కాలేజీల నేను ఆరేండ్లు కంప్యూటర్ పాఠాలు చెప్పిన. అన్నేండ్లల్ల ఎందరో పిల్లలొచ్చి పోయిండ్రు గని, ఇప్పటికీ నా మనసుల మెదిలేది ఒక్క పిల్లనే. వాళ్లది పెద్దేముల్ దిక్కు ఒక ఊరు. ఇంట్ల గొర్లున్నయి. తండ్రి లేడు, తల్లీ తనూ ఇద్దరే. పొద్దున షేర్ ఆటోల పదిమంది నడుమ ఇరుక్కొని కాలేజీకొచ్చేది. మధ్యాహ్నం ఇంటికి పోయి తల్లితోని మంద ఎంబడి తిరిగేది. క్లాసుల నోరు తెరిచేది కాదు.

ఒకరోజు ల్యాబ్ అయిపోయినంక నా దగ్గరకొచ్చి, "మేడం, జర ఇది చూడుండ్రి" అని ఫోన్ ముందర పెట్టింది.

దిమ్మెల మీద దిమ్మెలు పేర్చి ఇండ్లు కట్టే ఆట అది. దాంట్ల మా కాలేజీ కట్టింది. మెట్లు, వరండా, పైన నీళ్ల ట్యాంకు, ప్రిన్సిపాల్ గది కిటికీకి పగిలిన అద్దంతోని సహా. "మెట్లు పదిహేడు మేడం. ఎక్కుకుంట లెక్కవెట్టిన" అన్నది. అన్నేండ్లసంది ఎక్కుతున్న గని నేనెన్నడు లెక్కవెట్టలే. ఆ రాత్రే నా ఫోన్ల కూడా ఆ ఆట ఏసుకున్న. ఐతారం ఐతారం ఆమె వాళ్లింట్ల, నేను మా ఇంట్ల కూసోని ఇద్దరం కలిసి గోడలు లేపేటోళ్లం. ముప్పై రెండేండ్ల మనిషిని, పిల్ల చెప్పినట్టు మట్టి తవ్వుకుంట కూసునేదాన్ని.

వానకాలం మొదట్ల వాళ్లూరి పక్కనున్న పాత నాపరాళ్ల గనిల ఆ పిల్ల పడ్డది. బండలు తీసుడు ఆపేసి ఎన్నేండ్లయిందో. చుట్టూ కంచె లేదు, ఒక రాయి పాతింది లేదు. గొర్రెపిల్ల ఒకటి అంచుకు పోతే పట్టుకుందామని ఉరికింది. నానిన అంచు పెళ్ల కాలికింద ఊడొచ్చింది. రెండంతస్తుల లోతు. కింద బురద కుప్ప మీద పడ్డది కాబట్టి బతికింది. పొలాలల్ల ఉన్నోళ్లు ఉరికొచ్చి, నులకమంచానికి తాళ్లు కట్టి పైకి లాగిండ్రు. ఎడమకాలు రెండు దిక్కుల విరిగింది. అంచు మీద దొరికిన ఫోన్ తెరిచి చూస్తే దాంట్ల ఆట ఉండె. ఆటనే దూకిచ్చిందని రాత్రికల్లా ఊర్ల మాట పుట్టింది.

తెల్లారి దవాఖానకు మా ప్రాంతపు నాయకుడొచ్చిండు. వెనక కెమెరాలు, మైకులు. నేను మంచం పక్కనే నిలబడి ఉన్న. ఆయన పిల్ల తల మీద చెయ్యి పెట్టి, "భయపడకు బిడ్డా. నీ తప్పేం లేదు" అన్నడు.

"సారు, నేను దూకలే. గొర్రెపిల్ల కోసం పోయిన. జారిన" అన్నది పిల్ల.

ఆయన నవ్వి తల ఊపిండు, చిన్నపిల్లలు ఏదన్న అంటే ఊపినట్టు. తర్వాత వరండాలకు పోయి ఆ ఫోన్ అడిగి తీసుకున్నడు. తెర మీద వేలు పెట్టి అటు ఇటు జరిపిండు. ఆటల మనిషిబొమ్మ రెండడుగులు నడిచి, మేము తవ్విపెట్టిన గుంతల పడ్డది.

"చూస్తున్నరా" అన్నడు మైకులకు ఫోన్ చూపిచ్చి. "గుంత చూపిస్తుంది, దూకమంటుంది. మన పిల్లల్ని మింగుతున్న భూతం ఇది."

నేను ఆయనకు రెండు చేతుల దూరంల ఉన్న. బొమ్మను నడిపిచ్చింది ఆయన వేలే అని నాకు తెలుసు. ఆ గుంత మేము బావి కోసం తవ్విందని కూడా తెలుసు. నోరు తెరవలే. ఇంతమంది ముందర ఏం చెప్తం, తర్వాత నిమ్మళంగ చెప్తే ఆయనకే అర్థమైతది అనుకున్న. ఆ తర్వాత అనేది రాలే. సాయంత్రానికల్లా ఆ వీడియో ప్రతి ఫోన్ల ఉండె.

పదిహేను రోజులకు పిల్లను ఇంటికి తెచ్చిండ్రు. చూద్దామని పోయిన. ఇంట్ల తాళ్లు కనవడలే, కొడవలి కనవడలే. అన్నీ పక్కింట్ల దాచిండ్రట. స్నానాల గది గడియ ఊడదీసిండ్రు. ఎప్పుడూ ఎవరో ఒక పెద్దమ్మనో అత్తనో మంచం పక్కన కూసోని ఆమెనే చూస్తుండె. పట్నం నుంచి ఒకాయన వచ్చి, "ఆట నీతోని మాట్లాడుడు ఎప్పటిసంది మొదలైంది?" అని అడిగి రాసుకొని పోయిండట.

"నేను జారిన అని చెప్తున్న గద" అని పిల్ల అంటే తల్లి కొంగు నోట్ల పెట్టుకొని ఏడ్చింది. "చూసినవా టీచరమ్మా, అదే గట్ల చెప్పిస్తుంది."

"అక్కా, నాకు ఆ ఆట తెలుసు. నేను కూడా ఆడిన" అన్న.

మంచం పక్కనున్న ఆడోళ్లందరు నా దిక్కు తిరిగి చూసిండ్రు. ఒకామె మెల్లగ లేచి పిల్లకూ నాకూ నడుమ వచ్చి కూసున్నది.

కాలేజీల కూడా గంతే. పిల్లల ఫోన్లు గుంజుకొని బీరువాల పెట్టిండ్రు. ల్యాబ్‌కు తాళమేసిండ్రు. గేటు కాడ ఒక తండ్రి నన్ను ఆపి, "మీరే నేర్పిచ్చిండ్రట గద మేడం" అన్నడు. గట్టిగ అనలే, మామూలుగనే అడిగిండు. జవాబు కోసం ఆగకుండ పోయిండు.

దసరా సెలవులైనంక ప్రిన్సిపాల్ సారు పిలిచిండు. వికారాబాద్‌ల పెద్ద సభ పెడుతున్నరు, పిల్లల్ని ఆటల నుంచి కాపాడుడు గురించి. నాయకుడు ఆ పిల్లను స్టేజీ మీద మాట్లాడిపిద్దామంటున్నడు. "రెండు నిమిషాల మాట మీరు రాసియ్యుండ్రి. మీ పేరు మీద మచ్చ కూడా పోతది" అన్నడు.

నేను రాయనని చెప్పుదామనే పిల్ల ఇంటికి పోయిన. ఆమె నాకన్న ముందే తయారై ఉన్నది.

"రాసియ్యుండ్రి మేడం. గట్ల చెప్తే మళ్ల కాలేజీకి పంపుతమంటున్నరు."

"అబద్ధం గదనే."

"నిజం చెప్పి చూసిన గద మేడం. ఏమైంది?"

రాసిచ్చిన. నా చేతితోనే. 'ఆట నన్ను దూకమన్నది' అనే మాట దగ్గర కలం ఆగింది గని, ఆగినంక మళ్ల కదిలింది.

సభల ఆ పిల్ల చంకల కింద కర్రలు పెట్టుకొని నిలబడి కాయితం చదివింది. హాలంతా చప్పట్లు. నాయకుడు కండ్లు తుడుచుకున్నడు. అవి దొంగ కన్నీళ్లు కావు. ఆయన మనస్ఫూర్తిగ నమ్మిండు. నాకు అన్నిటికన్న ఎక్కువ భయమైంది అక్కడే. అబద్ధమాడేటోనితోని కొట్లాడొచ్చు, నమ్మినోన్ని ఏం చేస్తం?

తిరిగి తాండూరు రైల్ల వస్తున్నం. తల్లి ఎదురు సీట్ల నిద్రపోయింది. పిల్ల కిటికీల నుంచి కంది చేన్లు చూస్తుండె.

"మేడం, నేను నిజంగనే దూకిన్నా?"

"లేదు. గొర్రెపిల్ల కోసం పోయినవు."

"అందరు అడిగి అడిగి, ఇప్పుడు గొర్రెపిల్ల మొఖం యాదికొస్తలేదు. కాయితంల రాసిందే యాదికొస్తుంది."

మాట ప్రకారం ఆమెను కాలేజీకి పంపిండ్రు. చదివింది, పాసైంది. నవ్వుడు మాత్రం బాగ తగ్గింది.

ఏడాది తిరిగి మళ్ల వానలు మొదలైనయి. అదే గనిల, అదే అంచు మీద, వాళ్లూరి ముసలాయన ఒకాయన పడ్డడు. మేకలు కాసేటోడు. ఈసారి కింద బురద లేదు, నీళ్లున్నయి. మూడో రోజు తేలిండు.

నాకు ఒక విలేకరి ఫోన్ చేసిండు. పోయినసారి సంగతి నాకు తెలుసని ఎవరో చెప్పిండ్రట.

"మేడం, ఆయన ఏ ఆట ఆడుతుండెనో ఏమన్న ఎరుకనా?"

"ఆయనకు ఫోనే లేదు" అన్న.

"మనవల దగ్గర ఉంటది గద?"

ఫోన్ పెట్టేసిన. అప్పుడే పెద్దేముల్ ఆటో ఎక్కిన. తల్లీబిడ్డా ఇద్దరు ఇంట్లనే ఉన్నరు. తల్లి నన్ను చూసి కూసోమని చాప పరిచింది. ముసలాయన ఆమెకు చిన్నాయన వరుస. తల్లి బిడ్డ దిక్కు తిరిగి, "నువ్వు జారినవా?" అని అడిగింది. ఏడాదిల మొదటిసారి జవాబు కోసం అడిగింది.

"జారిన అవ్వా."

సోమవారం ముగ్గురం వికారాబాద్ కలెక్టరాఫీసుకు పోయి వరుసల నిలబడ్డం. ఈసారి కాయితం ఆ పిల్లనే రాసింది. 'నేను దూకలేదు, అంచు ఊడి పడ్డాను, కంచె వేయండి.' కింద నేను కూడా సంతకం పెట్టి, సభల చదివిన మాటలు నేను రాసినవే, అవి అబద్ధం అని రాసిన. గుమాస్తా చదివి తలెత్తి నన్ను చూసిండు. ముద్రేసి రసీదిచ్చిండు.

నెల తిరగకముందే గని కాడ పని జరిగింది. ఇనుప కంబానికి ఒక బోర్డు బిగిచ్చి పోయిండ్రు. ఎర్ర అక్షరాలు: 'సెల్‌ఫోన్ ఆటలు ప్రాణాంతకం.' కంచె రాలే. ఆ నెలలనే ప్రిన్సిపాల్ సారు నన్ను పిలిచి, వచ్చే ఏడాదికి వేరే టీచర్‌ను చూసుకున్నమన్నడు.

ఇప్పుడు వికారాబాద్‌ల ఒక టైపింగ్ సెంటర్ల పనిచేస్తున్న. ఆ పిల్ల డిగ్రీ చదువుతుంది. గని చుట్టూ ఊరోళ్లే తుమ్మకంప తెచ్చి ఏసిండ్రు, ఆమె తల్లి ముందర నిలబడి ఏపిచ్చింది. పోయిన వానకు అంచు ఇంకో రెండు గజాలు విరిగిపడ్డదని, కంప కూడా దాంతోపాటు లోపలికే పోయిందని పిల్ల ఫోన్ల చెప్పింది. ఊరి బాటకు ఆ అంచు ఇంక ఎంతో దూరం లేదట.