వైస్ ప్రెసిడెంటు గారి కొత్త కొలువు

వీరభద్రరావు ఉద్యోగం పోయిన సంగతి పరాయి దేశంలో ఆయన కాపురముండే యూ టీ పేటలో ఎవరికీ తెలియదు. ఆయనే తెలియనివ్వలేదు. బ్యాంకులో కంప్యూటర్ల విభాగానికి వైస్ ప్రెసిడెంటుగా చేసినవాణ్ణి, యాభై దాటాక ఒక పొద్దున్న పిలిచి ఇక రానక్కర్లేదన్నారు. ఆ మాట ఏ నోటితో చెప్పుకుంటాడు? ఇస్త్రీ చొక్కా తొడుక్కుని రోజూ ట్రైన్ ఎక్కేవాడు. ఏ లైబ్రరీలోనో కూర్చుని సాయంత్రానికి తిరిగొచ్చేవాడు. భార్య కాత్యాయనికి అంతా తెలుసు. ఆవిడ గుచ్చి గుచ్చి అడగకుండా లంచ్ బాక్సు కట్టి ఇచ్చేది.

కాకినాడలో ఇంజనీరింగ్ చదివే రోజుల్లో ఆయన తన అద్దె గది వరండాలో వీధి పిల్లలకి లెక్కలు చెప్పేవాడు. భిన్నాలంటే ఏడ్చే పిల్లలు ఆయన దగ్గర నవ్వుతూ చేసేవాళ్ళు. టీచర్నవుతానంటే వాళ్ళ నాన్న, "బతకలేక బడిపంతులని ఊరికే అనలేదురా" అన్నాడు. ఆ మాటతో ఆ కోరిక అటకెక్కింది.

ఉద్యోగం పోయిన ఏడాది బడి సెలవుల్లో కూతురు ఆమనికి స్కూల్లో ఒక పని ఇచ్చారు. పందొమ్మిదో శతాబ్దపు నాయకుడొకరి గురించి క్లాసులో మాట్లాడాలి. చీటీ తీస్తే సర్మియెంతో అనే అర్జెంటీనా ఆయన పేరొచ్చింది.

"ఎవరు నాన్నా ఈయన? ఫుట్‌బాల్ తప్ప ఆ దేశం గురించి నాకేం తెలీదు లా!" అంది ఆమని అక్కడి పిల్లల యాసలో.

తండ్రికి ఎలాగూ తీరికే. ఇద్దరూ కలిసి చదివారు. సర్మియెంతోని తల్లి మగ్గం నేసి పెంచింది. మీసాలు రాని వయసులోనే తనకన్నా పెద్దవాళ్ళకి అక్షరాలు దిద్దించాడు. అంతర్యుద్ధంలో ఓడిన పక్షాన నిలిచి చిలీకి పారిపోయాడు. అక్కడ బడిలో పాఠాలు చెప్పాడు, కొట్లో గుమాస్తాగా చేశాడు, గనిలో పనిచేశాడు. తిరిగొచ్చి చివరికి దేశాధ్యక్షుడయ్యాడు. ఊరూరా బడులు తెరిచాడు, పాఠాలు చెప్పడానికి అమెరికా నుంచి టీచరమ్మల్ని రప్పించాడు.

"కానీ అక్కడి ఆదివాసుల గురించి చాలా చెడ్డగా రాశాడు" అంది ఆమని. "అది కూడా చెప్పాలి కదా?"

"చెప్పాల్సిందే. దాచకూడదు."

"ప్రెసిడెంట్ పదవి అయిపోయాక ఏం చేశాడు?"

వీరభద్రరావు పేజీ తిప్పి చదివాడు. బ్యూనస్ ఎయిరిస్ ప్రాంతంలో బడుల బాగోగులు చూసే ఉద్యోగానికి వెళ్ళాడట. ఆయన మళ్ళీ అదే వాక్యం చదువుకున్నాడు.

"అంత పెద్ద పదవి తర్వాతా? లైక్ దట్ ఆల్సో కెన్? అలా కూడా చేస్తారా?" అని నవ్వింది ఆమని. తండ్రి నవ్వలేదు. ఉండబట్టలేక లేచి వంటింట్లోకి వెళ్ళాడు.

"కాత్యాయనీ, నేను పిల్లలకి చదువు చెప్పే పనికి వెళితే నీకు నామోషీయా?"

ఆవిడ గరిటె కింద పెట్టింది. "మీరు ఆమనికి లెక్కలు చెబుతుంటే మీ గొంతే వేరుగా ఉంటుందండీ. బ్యాంకు గురించి మాట్లాడేటప్పుడు ఆ గొంతు నేనెప్పుడూ వినలేదు."

ట్రైన్‌లో కొన్ని స్టేషన్ల అవతల, బుకిట్ బటోక్‌లో బడి వదిలాక పిల్లల్ని చూసుకునే కేంద్రం ఒకటుంది. దాన్ని నడిపే శాలిని ముత్తాత ఎప్పుడో విశాఖ వైపు నుంచి ఓడెక్కి వచ్చినవాడు. ఆమె వీరభద్రరావు వివరాలు చూసి ఆశ్చర్యపోయింది.

"అంకుల్, అంత పెద్ద పోస్టులో ఉండి ఇక్కడికా? పిల్లలు రొంబ అల్లరి. మీ వల్ల బోలేనా, అవుతుందా?" అంది అక్కడి భాషలన్నీ కలిసిన తెలుగులో.

"అవుతుందో లేదో ఒక నెల చూడమ్మా."

మొదటి రోజే ఆయన పరువు పోయింది. బోర్డు మీద భిన్నాలు రాస్తే ఒక్కరూ చూడలేదు. ఒక పాప బల్ల కింద దూరింది. మర్నాడు ఆయన తిండి కొట్లుండే హాకర్ సెంటర్ నుంచి పరోటాలు తెచ్చి బల్ల మీద పెట్టాడు.

"ఒక పరోటా, నలుగురు. ఎవరికెంత?"

బల్ల కింది పాప ముందు తల బయటపెట్టింది, తర్వాత చెయ్యి చాచింది. "క్వార్టర్! కానీ అంకుల్, నాకు టూ క్వార్టర్స్ కావాలి."

"రెండు పావులంటే ఎంతో చెప్పి తీసుకో!"

"హాఫ్!" అని అరిచింది పాప. గది గదంతా బల్ల చుట్టూ మూగింది.

నెల గడిచాక శాలిని ఆయన్ని పొమ్మనలేదు, ఇంకో గది పిల్లల్ని కూడా అప్పగించింది. ఇప్పుడాయన చిన్నపిల్లల చదువు మీద డిప్లొమా చేస్తున్నాడు. తండ్రీకూతుళ్ళ పరీక్షలు ఒకే వారంలో పడ్డాయి. భోజనాల బల్లకి అటొకరు, ఇటొకరు కూర్చున్నారు.

"నాన్నా, ఫోన్ పక్కన పెట్టు. రేపు ఎగ్జామ్ కదా!" అని ఆమని కసిరితే, వీరభద్రరావు బుద్ధిగా పెట్టేసి పుస్తకం తెరిచాడు.