వదిన నాటిన కంద

మా పెరట్లో పనసచెట్టు కింద ఎండ పడదు. బంతి వేశాం, వంగ వేశాం, ఏదీ నిలవలేదు. అన్నయ్య పోయిన మరుసటి వేసవిలో వదిన అక్కడ కంద నాటింది. అడవిలో చెట్ల నీడన దానంతటది పెరిగే జాతి, మా పనస నీడ దానికి చక్కగా సరిపోయింది. వానలు పడ్డాక మొగ్గ నేలను చీల్చుకుని లేచి గొడుగులా విచ్చుకుంది. అన్నయ్య పోయాక వదిన ఒక పని దగ్గర ఇష్టంగా కూర్చోవడం అప్పుడే చూశాను.

పుష్యమాసంలో ఆకు పసుపెక్కి వాలిపోయింది. అప్పుడే ఎచ్చెర్ల నుంచి మా పిన్ని వచ్చింది.

"సూశావా, దాని సెయ్యి పడితే ఏటి బతుకుతాది?" అంది, వదినకు వినబడేలా.

నాకు ఒళ్లు మండింది. కంద ఆకు ఏటా ఎండుతుంది. దుంప ముదిరిందనడానికి అదే గుర్తు. పుట్టినప్పట్నుంచీ పొలం గట్ల మీద తిరిగిన పిన్నికి అది తెలియదా? తెలుసు. తెలిసే అంది. తెలియక నమ్మేవాళ్లతో వాదించవచ్చు, తెలిసి అనేవాళ్లతో ఏం వాదిస్తాం? అయినా ఊరుకోలేదు.

"మొగుడు పోతే చేతిలో విషం పుడుతుందా పిన్నీ?"

"నీకు సదువెక్కువైపోనాదిరా."

వదిన పెరట్లోకి వెళ్లడం మానేసింది. కరివేపాకు కావాలన్నా నన్నే కోసుకురమ్మనేది. చేతికీ చావుకీ సంబంధం లేదని ఎన్నిసార్లు చెప్పినా తల ఊపేది, కదిలేది కాదు.

ఫాల్గుణంలో పిన్ని మళ్లీ వచ్చింది. మనవరాలి పెళ్లి. విందులో కందబచ్చలి కూర ఉండి తీరాలి. బజారు కంద దురదట, పెరటి కందైతే వెన్నలా ఉడుకుతుందట.

"మీ పనస కింద దుంప ఊరే ఉంటాది, తవ్వి పంపించండి. కోడలా, నువ్వు మాత్రం పందిట్లోకి రాకు. కార్యం అయ్యాక వద్దువుగాని. ఏటీ అనుకోకు."

ఏమీ అనుకోకూడదట. ఆ చేత్తో నాటిన దుంప పెళ్లివంటకు పనికొస్తుంది, ఆ మనిషి పెళ్లిపందిరికి పనికిరాదు. నేను నోరు తెరిచేలోగా వదిన గడప దాటి వచ్చి నిలబడింది.

"దుంప బతికే ఉన్నాదంటావా అత్తా?"

"ఉండకేటి. కందకేటవుతాది?"

"ఆకెండినప్పుడు నా సేతిలో ఏదీ బతకదన్నావు."

పిన్ని లేచి చెప్పుల వైపు నడిచింది.

"అయితే నా సెయ్యి మంచిదే. కంద నానే తెస్తాను, పందిట్లో కూకుంటాను. కాదంటే రెండూ రావు."

పిన్ని చెప్పుల్లో కాళ్లు దూర్చుకుంటూ నావైపు చూసింది. "నువ్వే నేర్పావేటి దీనికి?"

నేర్పలేదు. నేను నేర్పినవేవీ పనిచెయ్యలేదు.

ఆ పెళ్లికి మా ఇంట్లోంచి ఎవరం వెళ్లలేదు. ముహూర్తం రోజు పొద్దున్నే వదిన గునపం పట్టుకుని పనస కిందికి నడిచింది. దుంప తవ్వి, కొంత కూరకు తీసింది. మిగతాది ముక్కముక్కకూ ఒక మొలక ఉండేలా కోసి, నీడ పరుచుకున్నంత మేరా నాటింది.