ఇంక్యుబేటర్‌లో పెరుగు గిన్నె

కణాలు పెంచే ఇంక్యుబేటర్‌లో పెరుగు తోడు పెట్టారు! పిప్పిపళ్లలో నింపే కొత్త సిమెంటు ఒంటికి హాని చేస్తుందేమోనని మా ల్యాబ్‌లో బతికున్న కణాల మీద పరీక్షిస్తాం. వాటికి ఒంటివేడి కావాలి కాబట్టి ఆ ఇంక్యుబేటర్ పెట్టెలో ఉంచుతాం. ఈ ఉదయం తీసి చూస్తే, సిమెంటు తగలని కణాలు కూడా చచ్చిపోయి ఉన్నాయి. అవి ఉన్న ద్రవమంతా కలకబారి ఉంది. "చేతులు సరిగా కడుక్కోలేదా?" అని మా ల్యాబ్ చూసే మేడమ్ అందరి ముందూ నన్నే అడిగారు. డిగ్రీ లేకుండా చూసి నేర్చుకున్నవాణ్ణి కదా, అనుమానం ముందు నా మీదకే వస్తుంది.

మధ్యాహ్నం మా సీనియర్ అప్పలరాజు భోజనానికి పెరుగు గిన్నె తీశాడు. ఏసీ గదిలో అంత గట్టిగా ఎలా తోడుకుందని అడిగాను.

"బీమిలి బస్సులో తెత్తే ఒలికిపోతాది బావా. అందుకే నిన్న ఎల్లేటప్పుడు నీ పెట్టిలో తోడు పెట్టీసినాను. ఎచ్చగుంటాది కదేటి! పొద్దున్న నువ్వు రాకముందే తీసీసినాను."

"అందులో కణాలున్నాయి బావా!"

"ఉంటే ఏటి? అయ్యి పెరుగు తింతాయేటి? ఓ గరిటె ఏసుకో."

వేసుకోలేదు. పెరుగులోని బ్యాక్టీరియాకు ఆ వెచ్చదనం పండగే, అవి గిన్నెలోంచి ద్రవంలోకి చేరితే కణాలకు మాత్రం చావు. ఇప్పుడు పరీక్ష మొదటి నుంచి చెయ్యాలి. నా కోపం తప్పైతే మీరే చెప్పండి.

బావా, ఇది నువ్వు చదువుతావని తెలుసు. రేపు ఉదయం పదింటిలోగా మేడమ్ దగ్గరికెళ్లి ఆ గిన్నె నీదని చెప్పు. పది దాటితే నేనే చెబుతాను.