తడికె అవతల సముద్రం

మా తమ్ముడు ఫోన్లో ఓడ గదుల బొమ్మలు చూపిస్తాంటే ఇంట్లో అందరూ పరుపులు చూసినారు, అద్దాలు చూసినారు, స్నానాల గది చూసి ఓయబ్బా అనుకున్నారు. నేను మాత్రం బాల్కనీకి ఉన్న కమ్మీ చూసినా.

"ఎంత ఎత్తుంటాదిరా ఇది?"

"మనిషి నడుముకాడికి ఉంటాదిలే అక్కా. నువ్వేం ఎగిరి దూకుతావా?" అని నవ్వినాడు.

నా భయం నా గురించి కాదు. ఆ కమ్మీ దాటి మా నాయన సముద్రంలోకి కాలు పెడతాడని నా భయం. పిచ్చిగా మాట్లాడుతుందేమో ఈమె అనుకుంటారు. ఆ రోజు మావాళ్లూ అట్లనే అనుకున్నారు.

మా నాయన పెనుకొండ కాడ ఒక పల్లెలో బతుకంతా జీవాలు కాసినోడు. గొర్లను అమ్మేసి శానా కాలమయ్యింది. మా అమ్మ పోయినాక కొన్నాళ్లు ధర్మవరంలో తమ్ముని ఇంట్లో, కొన్నాళ్లు హిందూపురంలో నా దగ్గర ఉంటాండాడు. కొంతకాలంగా మతి జారిపోతాండాది. పుట్టపర్తి ఆస్పత్రికి తీసుకుపోయి చూపిస్తే, ఇది వయసు మీద వచ్చే మరుపు, పోయింది వెనక్కి రాదు, మనిషిని మాత్రం ఒంటిగా వదలద్దండి అన్నారు. నిన్న తిన్న కూర గుర్తుండదు. చేతులకూ కాళ్లకూ మాత్రం పాత పనులన్నీ గుర్తే. అదే వచ్చిన చిక్కు.

కొత్తగా పుట్టిన గొర్రెపిల్లలు తల్లులతో గుట్టకు పోలేవు. వాటికి తడికెలు కట్టి చిన్న దొడ్డి చేస్తారు. దానికి వాకిలి ఉండదు. లోపలికి పోవాలంటే ఎడమ చెయ్యి తడికె మీద ఆనించి, కుడికాలు ఎత్తి అవతల వేసేదే. మా నాయన దినానికి ఎన్నిసార్లు దాటేవాడో ఆ తడికెను. మధ్యాన్నం ఎండకు అందరూ కునుకు తీసే వేళకే తోడేలు వస్తుందని ఆయన భయం. అందుకే నా చిన్నప్పుడు దొడ్డి పక్కన నన్ను పండుకోబెట్టి, ఉన్నితాడు ఒక కొస నా కాలికి, రెండో కొస తన చేతికి కట్టుకొని కునుకు తీసేవాడు. మధ్యలో లేవాల్సి వస్తే తన కొస విప్పి తడికె గుంజకు బిగించి కట్టిపోయేవాడు. తాడు వదులయితే నేను లేచి ఏడుస్తానని. పోతా పోతా తువ్వాలు తడికె మీద ఆరేసేవాడు. మనిషి వాసనుంటే తోడేలు దగ్గరికి రాదంట. ఆ తాడు ఇప్పటికీ ఆయన నడుముకు చుట్టుకొనే ఉంటాది, తీస్తే ఊరుకోడు.

ఓడ మాట పుట్టకముందే నేను చూసినా ఆ కాలు ఎత్తేది. ధర్మవరంలో తమ్మునిది కింద పట్టుచీరల అంగడి, పైన ఇల్లు. ఒక మధ్యాన్నం అన్నాలు తిని అందరం నడుం వాల్చినాము. నేను ఆరేసిన బట్టలు తెద్దామని మిద్దె మీదికి పోతే నాయన పిట్టగోడ కాడ ఉన్నాడు. ఎడమ చెయ్యి గోడ మీద ఆనించినాడు. కుడికాలు లేచింది. కింద వీధిలో ఆటోలు పోతాండాయి. పరిగెత్తి పోయి పంచె పట్టుకొని వెనక్కి గుంజినా. నాయనకు కోపమొచ్చింది.

"ఇడువు. లోపల పిల్లలు అరుస్తాండాయి, ఇనపడలేదా?"

పిల్లలూ లేవు, అరుపులూ లేవు. పక్కింట్లో మగ్గం చప్పుడు ఒకటే వినపడతాండాది.

తమ్మునికి చెప్తే, గాలికి నిలబడుకున్నాడులే అక్కా, నువ్వు ఊరికే అదిరిపోతావు అన్నాడు. సరే, నేనే తప్పు చూసినానేమో అనుకున్నా. తర్వాత నాయనను కారులో హిందూపురానికి తెస్తా పెనుకొండ దగ్గర ఒక చేన్లో మంద కనబడితే కారు ఆపించినా. ఈయనకు సంతోషమవుతుందని. అంగడి మెట్లు రెండెక్కితే మోకాళ్లు పట్టుకొని కూలబడే మనిషి, దిగి తిన్నగా పిల్లల దొడ్డి కాడికి పోయి, చెయ్యి ఆనించి, కాలెత్తి, అవతల దిగినాడు. చూడనన్నా చూడలేదు అవతల ఏముందో. ఒక గొర్రెపిల్లను ఎత్తుకొని నా దిక్కు చూసి నవ్వినాడు. అప్పుడు తెలిసింది నాకు. ఈయన కాలు ఎత్తేటప్పుడు అవతల ఎప్పుడూ నేల ఉంటుందనే నమ్మకమే, దానికి మతితో పని లేదు.

ఇది జరిగినాకే తమ్ముడు చెన్నై నుంచి శ్రీలంకకు పోయే ఓడ మాట ఎత్తుకున్నాడు. వానిదీ తప్పు కాదు. నాయనకు సముద్రం చూడాలని ఎప్పటినుంచో ఆశ. బుక్కపట్నం చెరువు నిండినప్పుడు కట్ట మీద నిలబడుకొని, దీనికన్నా పెద్ద నీళ్లుంటాయంట నిజమేనా అని దారిన పోయేవాళ్లను అడిగిన మనిషి. చూసింది చూసినట్టు మనసులో ఉండే లోపలే చూపించాలని వాని తపన. వానికి ప్రేమ ఎక్కువ, ఓపిక తక్కువ.

మా ఇంట్లో చాప మీద కూచొని గదులు ఏరినాము. ఓడ నడిమధ్యలో కిటికీ లేని గదులు. అంచున తెరవడానికి రాని గుండ్రటి అద్దం గదులు. ఆపైన బాల్కనీ గదులు. అద్దం గదులు అప్పటికే అయిపోయినాయంట. నాయనకు బాల్కనీయే అని తమ్ముడు. కిటికీ లేనిదే అని నేను.

"సముద్రం చూపిస్తామని తీసుకుపోయి గోడ చూపిస్తావా? నీకు మతి ఉండాదా?"

"ఉండబట్టే చెప్తాండా. గమ్మునుండు."

మా ఆయన ఎప్పటిలాగా ఎవరి పక్కా మాట్లాడలేదు, ఓడలో సంగటి పెడతారా అని అడిగినాడు. మా మరదలు నవ్వి, వదినను అడగండి, కుక్కరు కూడా ఎత్తుకొచ్చేటట్టుంది అనింది. నవ్వుల మధ్య నా మాటే నెగ్గింది. నాయనకూ మాకూ కిటికీ లేని గది, దానికి ఎదురుగా తమ్మునిది బాల్కనీ గది. రేవులో దిగి ఏం చూడాలనేది మరో రభస. బస్సెక్కి ఏనుగులను చూడాలని మరదలు, గుడికి పోదామని మా ఆయన, కోట చూడాలని తమ్ముడు. నాయన బస్సులో అంతదూరం కూచోలేడు. మీరు పోండి, ఆయన కాడ నేనుంటా అన్నా. ఓడెక్కి ఊరు చూడకుండా గదిలో కూచుంటావా అని అందరూ తిట్టినారు. తిట్టనీ. అంతా జాగ్రత్తగా కట్టుదిట్టం చేసినానని నాకు గర్వంగానే ఉండింది.

ఓడెక్కినాక ఆ గర్వం నిలవలేదు. గదిలో దీపం తీస్తే కన్ను పొడుచుకున్నా కనపడదు. దీపం వేస్తే పొద్దెక్కిందో కుంకిందో తెలియదు. చుక్కను చూసి వేళ చెప్పే మనిషి మా నాయన. గోడలంతా తడుముతా, తెల్లారిందా పాపా, తెల్లారిందా పాపా అని అడగతానే ఉండె. తెల్లారింది నాయనా అంటే, యాడ, చూపించు అనె. అన్నం ముట్టలేదు. నేనూ కన్ను మూయలేదు. కడకు నా చెయ్యి పట్టుకొని, మెల్లగా, ఎవరికీ వినపడకూడదన్నట్ల అడిగినాడు.

"నేను సచ్చిపోయినానా పాపా? పూడ్చిపెట్టినారా నన్ను?"

మావాళ్లు చనిపోతే పూడ్చేదే. ఆ మాటకు నాకు ఏడుపు ఆగలేదు. ఆయన మేలు కోరి నేనే ఏరిన గది అది.

పొద్దున రేవు వచ్చింది. మావాళ్లు ముగ్గురూ బస్సు టైమని బిరబిరా దిగిపోయినారు. పోయేముందు తమ్ముడు వాళ్ల గది తాళం నా చేతిలో పెట్టి, కొంచేపు వెలుతురులో కూచోబెట్టు అక్కా, పక్కనే ఉంటావు కదా అన్నాడు. నేను కాదనలేదు. నాయన నోట ఆ మాట విన్నాక ఎట్ల కాదంటా?

బాల్కనీ అద్దం తలుపు మూసి, గడి వేసి, నాయనను మంచం మీద అద్దానికి ఎదురుగా కూచోబెట్టినా. రేవు అవతలి పక్క. ఈ పక్క అంతా నీళ్లే. ముఖం విచ్చుకుంది ఆయనకు.

"చెరువు నిండిందే! బుక్కపట్నమా పాపా?"

"అవు నాయనా."

"కట్ట తెగదు కదా?"

తెగదులే అన్నా. పెరుగన్నం పెడితే తిన్నాడు. ఎండ చుర్రుమంటాండాది. ఓడ మొత్తం దిగిపోయినట్టుంది, గదుల మధ్య వసారాలో అడుగుల చప్పుడు కూడా లేదు. నాకు కండ్లు మూతలు పడతాండాయి. అప్పుడు నాకు తాడు గుర్తొచ్చింది. "కట్టుకుందామా నాయనా, అప్పట్ల?" అంటే నవ్వినాడు. నడుము నుంచి విప్పి, వంగి నా కాలికి ముడి వేసినాడు. ఆ ముడి ఆయనకే వస్తుంది, నాకు ఎన్నిసార్లు చూపించినా రాలేదు. రెండో కొస తన చేతికి చుట్టుకొని పక్క మంచం మీద పండుకున్నాడు. నేను మధ్యమధ్యలో కాలు కదిలించి చూస్తాంటి. తాడు బిగువుగా ఉంటే, ఉండాడులే అనుకునేది.

ఎంతసేపు నిద్రపోయినానో తెలియదు. మెలకువ వచ్చి, కండ్లు తెరవకుండానే కాలు గుంజినా. బిగువుగానే ఉండాది. హమ్మయ్య అనుకొని అటు తిరిగి పండుకున్నా. ముఖానికి గాలి తగిలింది. ఉప్పగా, తడిగాలి. నేను మూసిన తలుపు కదా, గాలి యాడ నుంచి వస్తుంది?

కండ్లు తెరిస్తే తాడు నా కాలి నుంచి, తెరిచిన అద్దం తలుపు దాటి, బాల్కనీ కమ్మీకి పోయింది. కమ్మీకి కట్టుండాది. కమ్మీ మీద నాయన తువ్వాలు ఆరేసుండాది. పక్క మంచం ఖాళీ.

నాయనా అని అరిచినానో లేదో నాకే తెలియదు. తాడు కాళ్లకు చుట్టుకొని బాల్కనీలో బోర్లా పడినా. కమ్మీ పట్టుకొని లేచి కిందికి చూసినా. శానా కింద నీళ్లు. నల్లగా, కదలకుండా. వాటి మీద ఏమీ లేదు. ఏమీ లేకపోవడాన్ని అంతసేపు ఎప్పుడూ చూడలేదు నేను. చూసేకొద్దీ భయం పెరుగుతుందే గానీ తగ్గలేదు. ఆ ముడి విప్పడం నాకు రాదు. తోలు లేచిపోతున్నా కాలును ముడిలోంచి లాక్కొని వాకిలి దిక్కు ఉరికినా.

వాకిలి మూసుకుపోకుండా ఆయన చెప్పు అడ్డం పడి ఉండాది.

వసారాలో, ఆ చివర, మా నాయన. ఒక్కో తలుపు కాడ ఆగుతాండాడు. పిడి మీద చెయ్యి వేసి, చెవి ఆనించి విని, తర్వాతి తలుపుకు పోతాండాడు. పొద్దుగూకి మంద తిరిగొచ్చినప్పుడు ఒక్కో గొర్రె వీపు తట్టి లెక్క చూసుకుంటా పోయేది ఇట్లనే. నా పానం తిరిగొచ్చింది. ఎదురుపోయి రెండు చేతులూ పట్టుకున్నా.

"నాయనా! ఎంత పని చేసినావు నాయనా!"

ఆయన నా ముఖం చూసినాడు. చేతులు మర్యాదగా విడిపించుకున్నాడు.

"ఎవరమ్మా నువ్వు? రవ్వంత జరుగు తల్లీ. అన్నీ ఉండాయి గానీ ఒకటి తక్కువుండాది."

"ఏది?" అన్నా.

"మా పాప. తడికెకు కట్టేసి వచ్చినా. తోడేలు తిరగతాండాది ఈడ. ఎండకు అందరూ నిద్రపోతాండారు, అరిచినా వినేవాళ్లు లేరు." ఆయన కండ్లలో అంత భయం నేను ఎన్నడూ చూడలేదు. పాపగా నేను పక్కన ఉన్నన్నాళ్లూ దాన్ని నాకు కనపడనిచ్చింది లేదు కాబోలు.

నేనే నాయనా ఆ పాపను అని చెప్పబోయినా. ఈ నెరిసిన తలతో చెప్తే ఎవరు నమ్ముతారు? ఆయన అడుగు తీసి అడుగు వేసుకుంటా గది దిక్కు వస్తాండాడు. ఆడ తలుపు తెరిచుండాది, కమ్మీ ఉండాది. పాప కనపడకపోతే వెతుక్కుంటా అది దాటుతాడు. ఆయన కన్నా ముందు ఉరికి లోపలికి పోయినా. అద్దం తలుపు తాడు మీదుగానే పట్టినంత మూసి, రక్తం కారే కాలును ముడిలోకి దూర్చుకొని, మంచం మీద ముడుచుకొని, కండ్లు మూసుకున్నా. చిన్నప్పుడు దొంగనిద్ర పోయినట్ల.

చెప్పు జరిపిన చప్పుడు. తర్వాత అడుగులు. నన్ను దాటి బాల్కనీకి పోతాయేమోనని నోరు నొక్కుకొని పండుకున్నా. అడుగులు మంచం కాడ ఆగినాయి. చేతివేళ్లు నా కాలి ముడిని పట్టుకొని గుంజి చూసినాయి. ఆపైన ఆ చెయ్యి నా తల మీదికి వచ్చింది.

"ఉండాదిలే," అన్నాడు.

నా తల నిమురుతా పక్కనే నేల మీద కూచున్నాడు. మావాళ్లు ఏనుగులను చూసి వచ్చేదాకా అట్లనే కావలి కాసినాడు. మెలకువగానే ఉన్నా గానీ నేను కండ్లు తెరవలేదు. తెరిస్తే ఆయన పాప మళ్లీ తప్పిపోతాది.