బాపమ్మ దులిపిన పంట

ఆ రోజుల్లో చేతిలో డిగ్రీ ఉండి పని లేనివాడికి కోరుట్లలో ఒక సౌకర్యం ఉండేది. ఎవరికైనా, దేని మీదైనా, ఎంతసేపైనా పాఠం చెప్పొచ్చు. నాది బీఎస్సీ. జగిత్యాలలో పుట్టగొడుగుల పెంపకంలో శిక్షణ కూడా పొంది, ఆ సర్టిఫికెట్‌కు అద్దం కట్టించి దేవుడి పటాల పక్కన తగిలించాను (రోజూ అగరుబత్తి పొగ దానికీ అందేది). వెనక గదిలో ప్లాస్టిక్ సంచుల నిండా వరిగడ్డి కుక్కి, విత్తనం వేసి, దూలానికి వేలాడదీశాను. ఈ పంట రాకపోతే సిరిసిల్లలో మేనమామ నడిపే సాంచాల మీద, అంటే మరమగ్గాల మీద, పనికి పోవాలన్నది మా నాన్న, బాపు, పెట్టిన షరతు. ఆ చప్పుడంటే నాకు హడల్.

కొన్నాళ్లకు గడ్డి నిండా తెల్లటి దారాలు అల్లుకున్నాయి. ఇంటికి వచ్చినవాళ్లందరినీ ఆ గదిలో నిలబెట్టి చెప్పేవాణ్ని: దీనికి నోరు లేదు, కడుపు లేదు, రసాలు బయటికి వదిలి గడ్డిని బయటే అరిగించి, ఆ సారాన్ని ఒళ్లంతా పీల్చుకుంటుంది, అందుకే ఒళ్లంతా సన్నటి దారాలు, ఎంత అల్లుకుంటే అంత తిండి, పైకి వచ్చే గొడుగు కాయలాంటిదే, అసలు ఒళ్లు గడ్డి లోపల ఉంటుంది. బాపు తల్లి, మా బాపమ్మ, అంతా శ్రద్ధగా విని నన్ను ఎగాదిగా చూసింది.

"గిది నయం కొడుకా. కూసున్నకాడనే తింటదిగని, నోరైతే లేదు."

బతుకమ్మ ముందు ఇల్లు దులిపే రోజున నేను జగిత్యాలలో ఒక హోటలాయనకు ఇదే పాఠం చెబుతున్నాను (గిరాకీ లేదు కాబట్టి పాపం విన్నాడు). తిరిగొచ్చేసరికి సంచులన్నీ కోసి ఉన్నాయి. బూజు పట్టిన గడ్డిని దులిపి, ఆరబోసి బర్రెకు వేయడం మా ఇళ్లలో మామూలే. బాపమ్మ అదే చేయబోయింది. దులిపిన గడ్డిని బర్రె వాసన చూసి మొహం తిప్పుకోవడంతో, అంతా పెరట్లో వేపచెట్టు కింద పారబోసింది. మంచి గడ్డిని మురగబెట్టానని పైగా నన్నే తిట్టింది. ఏడుపొచ్చింది, సిగ్గు లేకుండా ఏడ్చాను కూడా. మర్నాడు బాపు నన్ను సిరిసిల్ల బస్సెక్కించాడు.

అక్కడ సాంచాల మోతకు చెవులు దిబ్బడేసి ఉండగా, ముసురు పట్టిన రోజుల్లో బాపమ్మ ఫోన్ చేసింది.

"నువ్వు సంచులల్ల కట్టి ఉరివెట్టినవ్, నేను దులిపి ఇడిసిపెట్టిన. గిప్పుడు చూడు, యాపచెట్టు కింద పుట్టకొక్కులే పుట్టకొక్కులు."

దులిపితే రాలింది పైపైదే. అసలు ఒళ్లు లోపల ఉంటుందని ఊరంతటికీ చెప్పినవాడికి ఆ ముక్క అవసరానికి గుర్తు రాలేదు. వాడకట్టంతా వండుకు తిన్నారట. బాపు మళ్లీ వడ్డించుకుని, ఈ పంటకు చదువెందుకు, చెట్టు నీడా మా అవ్వా చాలని తేల్చేశాడట. నేను సిరిసిల్లలోనే ఉండిపోయాను. తర్వాత కోరుట్లలో పుట్టగొడుగులు వేసినవాళ్లు సలహాకు బాపమ్మ దగ్గరికే వచ్చేవారు. ముందు బాగా దులపమని చెప్పేది.

చాలా ఆలస్యంగా జగిత్యాలలో పంతులునయ్యాను. ఏటా పిల్లలకు ఈ పాఠం చెప్పేటప్పుడు, ఆ అద్దం కట్టించిన కుర్రాడు గుర్తొచ్చి నవ్వొస్తుంది, వాడి మీద కొంచెం జాలీ కలుగుతుంది. బాపమ్మ పోయాక ఆ సర్టిఫికెట్ తీసేసి, అదే అద్దంలో ఆమె ఫొటో పెట్టాం. అగరుబత్తి పొగ ఇప్పుడు అందవలసిన వాళ్లకే అందుతోంది.